గుర్రం తినే గడ్డ

కంటి ఆపరేషన్ అయ్యాక మిర్యాలగూడ డాక్టరమ్మ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఏం తినాలో, ఏం చేయకూడదో అందులో వరసగా అచ్చు వేసి ఉంది. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు, తలమీద నీళ్ళు పోసుకోవద్దు అన్నవి అప్పటికే పదిమంది చెప్పారు కనుక చదవలేదు. తినేవాటిలో మొదటి పేరే క్యారెట్. పచ్చిది, తురిమి తినాలట. మా మనవరాలు శిరీష ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. నాలుగు క్యారెట్లను రెండు నిమిషాల్లో తురిమి, నానిన పెసరపప్పు, నిమ్మరసం, ఉప్పు, కొత్తిమీర వేసి గాజు గిన్నెలో కలిపి నా ముందు పెట్టింది. నేను చెంచా పట్టుకొని "దీంట్లోకి పోపు ఏదే?" అన్నాను. "సలాడ్‌లో పోపేంది అమ్మమ్మా! నూనె పోస్తే ఇంక హెల్తీ ఎట్లయితది?" అని నవ్వింది. ఎనభై దాటిన మనిషి మాటను ఎవరూ కోప్పడి కాదనరు, నవ్వి కాదంటారు. నేను గిన్నె పక్కకు జరిపాను. అలిగాననుకుంది. అలగలేదు. కిటికీ బయట అప్పుడే సందె పడుతోంది. ఆ వేళకు ఇప్పటికీ ఇంట్లో లైట్లన్నీ వేసేదాకా కుదురుగా కూర్చోలేను. ఎందుకో ఈ పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

మాది సూర్యాపేట. నాయిన బట్టలు కుట్టేవాడు. ముందు గదిలో మిషను, వెనక ఒక గది, దాని వెనక వంటిల్లు, ఆ తర్వాత పెరడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మా అమ్మ రెండో కాన్పుకు వేములపల్లిలోని పుట్టింటికి పోవాల్సింది, కానీ దారులు బాగాలేవు. ఆ రోజుల్లో మా దిక్కున రాజ్యం తరఫున కొందరు, రాజ్యం మీద కొందరు ఆయుధాలు పట్టుకొని తిరుగుతుండేవారు. ఎవరు వచ్చి తలుపు కొడితే ఏం చెప్పాలో పెద్దలకే తెలిసేది కాదు, ఇక పిల్లలకేం చెబుతారు. మా ఇంట్లో దానికి ఒకటే పేరు, గడబిడ. అందుకని అమ్మ అత్తగారింట్లోనే కన్నది. తమ్ముడు పుట్టిన నెలకు నాయిన మిషను తలకాయ విప్పి బండిలో వేసుకొని కోదాడ పోయాడు. అక్కడ వాళ్ళ చిన్నమ్మ ఉంది. ఒక గది దొరికితే కబురు పెడతానని, అమ్మ, నేను, తమ్ముడు వచ్చేయాలని చెప్పాడు. నాయనమ్మ రానంది. ఇల్లు విడిచిపెట్టి పోతే తలుపులు కూడా మిగలవని ఆమె లెక్క.

అలా పుట్టింట్లో ఉండాల్సిన బాలింత మా నాయనమ్మ చేతిలో పడింది. ఆ ఇల్లంతా అప్పుడు వాము, ఎల్లిపాయ, సాంబ్రాణి వాసన. అమ్మ తలకు గుడ్డ, చెవుల్లో దూది, నడుముకు పాత చీరె కట్టు. పొద్దున శొంఠి, మిరియాలు, బెల్లం దంచిన కాయం ముద్ద, మధ్యాహ్నం ఎల్లిపాయ కారంతో అన్నం, రాత్రికీ అదే. ఆకుకూర వాతం, పెరుగు శీతలం, పండు మాట ఎత్తితే నాయనమ్మ చూపుకే నోరు మూతపడేది. మంచినీళ్ళు కూడా కాచి ఇవ్వాల్సిందే. "నిప్పు తగలని వస్తువు బాలింత నోట్లెకు పోవద్దు" అన్నది ఆమె శాసనం. ఇంకో అలవాటు కూడా ఉండేది. పొద్దు గుంకుతుందనగా ఎక్కడున్నా వచ్చి, తమ్ముణ్ణి అమ్మ ఒళ్ళోంచి లాక్కున్నట్టే తీసుకునేది. "సందెల పిల్లగానికి గాలి సోకుతది, నా దగ్గరుండనీ" అనేది. దీపం పెట్టాక కూడా ఇచ్చేది కాదు. పాలకు ఏడిస్తే తానే తెచ్చి, పక్కనే కూర్చుని పట్టించి, మళ్ళీ తీసుకుపోయేది. అమ్మ ఒక్క మాట అనేది కాదు. నాకు మాత్రం నాయనమ్మ మీద ఒళ్ళు మండేది.

ఒకనాడు పక్క వీధిలో ఎవరో పోతే పలకరించడానికి వెళ్ళి, నాయనమ్మ సందెవేళకు రాలేకపోయింది. గడబిడ వల్ల వీధివైపు వెలుతురు కనబడకుండా ఎక్కబుడ్డి దీపాన్ని వంటింటి మూలన పెట్టేవాళ్ళం. నేను దాని దగ్గర, వెనక గది కనబడేటట్టు కూర్చుని ఉన్నాను. వెనక గదిలో తమ్ముడు ఏడుపు ఆపి నిద్రపోయాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకొని తొట్టెల వైపు నడిచింది. మా ఇంట్లో తొట్టెల అంటే దూలానికి తాళ్ళు వేలాడదీసి, వాటికి కట్టిన పాత చీరె. ఆ మధ్యాహ్నం వాడు తడిపితే చీరె విప్పి పెరట్లో ఆరేసింది నేనే. తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి. అమ్మ మోచేత్తో వెతికింది, తాడు తగిలింది, తొట్టెల ఉందనుకొని వంగింది. వాడి తల కింది చెయ్యి తీయబోతోంది. "అమ్మా, తొట్టెల లేదు!" అని నేను అరిచిన అరుపుకు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. వాణ్ణి రెండు చేతులతో గుండెకు అదుముకొని, "యాడున్నవే సత్తీ?" అంది. నేను అప్పటికే పరుగెత్తి వచ్చి, ఆమెకు మూడడుగుల దూరంలో, ఎదురుగా నిలబడి ఉన్నాను. దగ్గరికి పోయి పట్టుకుంటే మెల్లగా చెప్పింది. కడుపుతో ఉన్నప్పటి నుంచే పొద్దు గుంకితే చాలు, దీపపు వత్తి తప్ప ఏదీ కనబడదట. తెల్లారితే మళ్ళీ అంతా మామూలే. "నాయనమ్మకు సెప్పకు బిడ్డా. గుడ్డి కోడలంటది. మీ నాయినకు తెలిస్తే, సీకట్ల నడవలేనిదాన్ని కోదాడకెందుకని ఈడ్నే వదిలిపెడతడేమో." తల మీద ఒట్టు వేయించుకుంది. అప్పట్నుంచి సందె పడితే నేను అమ్మకు ఒక అడుగు ముందు నడిచేదాన్ని. "గడప", "చెంబు", "పీట", "మెట్టు" అని నోట్లో నోట్లో అనేదాన్ని. నాయనమ్మ వింటుందేమోనని భయం, అమ్మకు వినబడక పడుతుందేమోనని భయం. అన్నిటికంటే పెద్ద భయం కోదాడ ప్రయాణం. ఊళ్ళోంచి పోయేవాళ్ళు ఎవరి కంటా పడకుండా మునిమాపు వేళ బయలుదేరేవారు. ఊరి బయటి దాకా నడిచిపోయి అక్కడ బండి ఎక్కాలి. నాయనమ్మ రాదు. నేను మూటలు మోయాలి. అంటే ఆ చీకట్లో తమ్ముడు అమ్మ చేతుల్లోనే ఉంటాడు.

మా వీధి చివర జట్కా మస్తాన్ తాత ఉండేవాడు. గడబిడ మొదలయ్యాక అటు పోవద్దని నాయనమ్మ ఆంక్ష పెట్టింది. మతం వేరయినంత మాత్రాన ఆయన ఎవరికి ఏం చేశాడో నాకు అర్థం కాలేదు, అయినా పోవడం మానేశాను. ఒక రోజు చింతపండు కోసం దుకాణానికి పోతుంటే, ఆయన గుర్రానికి ఎర్రగా, కొస నల్లగా ఉన్న గడ్డలు పెడుతున్నాడు. పట్నం నుంచి వచ్చే లారీల్లో చలికాలంలో దిగేవి. మా ఇళ్ళలో ఎవరూ వండేవారు కాదు. "ఏంది తాతా అవి?" అన్నాను. "గాజర్ బిడ్డా. ఇది తింటెనే గుర్రానికి సీకట్ల సూపు నిలుస్తది. లేకుంటె మునిమాపుకు కాలువల దిగుతది." "మనుషులకూ నిలుస్తదా?" అన్నాను. ఆయన ఇంట్లో ఎవరికని అడగలేదు. నా లంగా చెరగులో ఆరేడు గడ్డలు పోసి, "పచ్చిదే పెట్టాలె. ఉడకబెడితే మా దొర మూతి తిప్పుకుంటడు" అన్నాడు. గాజర్ అంటే ఈ క్యారెట్టే, దొర అంటే గుర్రం. నాకు అనుమానం రాలేదు. గుర్రం కన్నూ కన్నే, అమ్మ కన్నూ కన్నే.

మధ్యాహ్నం నాయనమ్మ ఒక కునుకు తీసేది. ఆ కునుకులోనే నా వంట. మట్టి పోయేదాకా గడ్డలను కడిగి, కత్తిపీట మీద ముక్కలు కోశాను. అమ్మ ఒకటి కొరికి ఆగిపోయింది. బాలింత గట్టివి కొరికితే పళ్ళు కదులుతాయని ఆమెకూ భయమే. మర్నాడు కత్తిపీట కొసకు ఉండే కొబ్బరి కోరు మీద గడ్డను పట్టుకొని తురిమాను. గడ్డతోపాటు నా బొటనవేలినీ అది తురిమింది. గుప్పెడు పెసరపప్పు పొద్దున్నే నానబెట్టి గంప కింద దాచేదాన్ని. ఉప్పు, పెరట్లోని నిమ్మకాయ, రెండు రెమ్మల కొత్తిమీర, పచ్చిమిరపకాయ వద్దని దంచిన మిరియం చిటికెడు. కలిపి ఇత్తడి గిన్నెలో ఇచ్చేదాన్ని. అమ్మ తలుపు వైపు చూస్తూ, దొంగతనంగా, నమలకుండానే మింగేది. "తియ్యగుందే" అంది మొదటిరోజు. రెండు నెలలుగా ఎల్లిపాయ కారం తప్ప ఎరగని నోరు అది. సందె పడగానే నేను ఎదురుగా నిలబడి వేళ్ళు చూపేదాన్ని. "ఎన్ని?" "మూడు." నేను చూపింది ఒకటి. మర్నాడు "రెండు" అంది, నేను పిడికిలి మూసి ఉంచాను.

అయిదో రోజో, ఆరో రోజో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున్నుంచి పదిసార్లు. మధ్యాహ్నానికి వాడి ఏడుపు పిల్లికూన గొంతులా సన్నబడింది. నాయనమ్మ వస కొమ్ము అరగదీసి నాకించింది, వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది. "ఏం తిన్నవ్ పిల్లా? నిజం చెప్పు" అని అమ్మను నిలదీసింది. అమ్మ తల వంచుకుంది. నేను ధాన్యం గుమ్మి వెనక చేరి చెవులు మూసుకున్నాను. పచ్చిది పెట్టి తమ్ముణ్ణి చంపుతున్నది నేనే అని నా మనసులో ఖాయమైపోయింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆఖరికి పరుగెత్తుకొచ్చి నాయనమ్మ కాళ్ళు పట్టుకున్నాను. "నేనే పెట్టిన నాయనమ్మా. గుర్రం తినే గడ్డ పెట్టిన. పచ్చిదే పెట్టిన."

"గుర్రం గడ్డా? బాలింతకా? నీకేం పోయే కాలమే!" అని చెయ్యెత్తింది. నేను కళ్ళు మూసుకొని ఒట్టు తప్పాను. "అమ్మకు సందెల కనవడది. తమ్ముణ్ణి తొట్టెల లేని కాడ ఏస్తుండె."

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే నాయనమ్మ ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. తర్వాత మెల్లగా దించి అమ్మ వైపు తిరిగింది. "నాకెర్కే" అంది. "నువ్వు గోడ పట్టుకొని నడిసిన నాడే ఎర్క. పొద్దు గుంకంగనే పిల్లగాన్ని ఎందుకు తీస్కుంటున్ననుకున్నవ్?" అమ్మ తలెత్తింది. నాయనమ్మ చాపమీద కూర్చుని, తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకొని, మా ఇద్దరి మొహాలూ చూడకుండా చెప్పింది. మా నాయిన కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల. ఆ కాన్పులో ఆమెకూ ఇదే రేచీకటి. ఎవరికీ చెప్పలేదు. "ఒకనాడు మునిమాపుల పిల్లను అరుగు మీద పండవెట్టిన. అరుగు ఉన్నదనుకున్న. ఆడ అరుగు లేదు." పిల్ల మూడు రోజులు బతికిందట. అరుగు మీంచి దొర్లిపడిందని అందరికీ చెప్పింది. మా తాత చనిపోయేదాకా ఆయనకు కూడా అంతే తెలుసు. "కనవడక ఏసిన అని ఇయ్యాల్నే నోరు తెరిసి అంటున్న" అని కొంగుతో మూతి తుడుచుకుంది. అమ్మ జరిగి వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం, దాంతోపాటు కోపం కూడా వస్తాయి.

తమ్ముడి విరేచనాలు మర్నాటికి ఆగిపోయాయి. అవి గడ్డ వల్లో, గాలి వల్లో ఎవరికి తెలుసు. నాయనమ్మ నన్ను పిలిచి, "ఏదే, ఆ గడ్డ తే" అంది. వాసన చూసింది, గోటితో గీకి నాలుకకు రాసుకుంది. "పచ్చిది నా ఇంట్ల బాలింత నోట్లెకు పోదు. నిప్పు తగలాలె." "ఉడకబెడితే గుర్రం తినదంట నాయనమ్మా!" అని నేను ఏడుపు మొహం పెట్టాను. ఆమె నా చేత తురిమించింది, పప్పు, ఉప్పు, నిమ్మకాయ తానే కలిపింది. తర్వాత చిన్న గంటెలో నువ్వుల నూనె పోసి పొయ్యి మీద పెట్టి, జిలకర, నలగ్గొట్టిన ఎల్లిపాయ వేసి, పొగ రాగానే ఆ తురుము మీద చుయ్యిమని ఒంపింది. "నిప్పు తగిలిందా? తగిలింది. పచ్చిగ ఉన్నదా? ఉన్నది. ఇగ నోరు ముయ్యి" అంది. ఆ వాసన వంటింట్లో సాయంత్రం దాకా ఉండేది. గడ్డలు అయిపోతే మస్తాన్ తాత ఇంటికి తానే పోయి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు గానీ, వచ్చేటప్పుడు ఒడి నిండా ఉన్నాయి. అటు పోవద్దన్న ఆంక్ష మళ్ళీ వినబడలేదు.

మొన్న కట్టు చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మను ఊరికే అడిగాను, దీంట్లో నూనె వేస్తే తప్పా అని. "కొంచెం వేయాలి మామ్మా, అదే మంచిది. నూనె లేకపోతే అందులో కంటికి పనికొచ్చేది ఒంటికి సరిగా పట్టదు" అంది. శిరీష నా వైపు చూడకుండా ఫోన్ చూసుకుంది. నేను మొదటిరోజుల్లో పెట్టిన ఉత్త తురుము అమ్మకు ఎంత పట్టిందో ఏమో. నాయనమ్మకు ఇవేవీ తెలియవు. ఆమె తన శాసనాన్ని నిలబెట్టుకోవడానికి నూనె పోసింది, అంతే. ఇప్పుడు ఏది ఎందుకు మంచిదో ఇంటింటికీ తెలుసు, ఫ్రిజ్ తలుపు మీద కూడా రాసి ఉంది. కంట్లో పొర వస్తే పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొస్తున్నాం. మంచిదే, ఆ కాలం మళ్ళీ రావాలని నేను అనను. కానీ నా కంటికి మసక మొదలైన సంగతి ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా నేనూ దాచాను.

నాయనమ్మ నూనె పోయడం మొదలుపెట్టి పదిహేను రోజులు దాటాక కోదాడ బండి అతను వచ్చాడు. "మీ ఆయన కబురు పెట్టాడండీ. గది దొరికింది. రేపు మునిమాపుకి బండి ఊరి బయట మామిడితోపు కాడ ఉంటుంది, ఆలస్యం చెయ్యమాకండి" అన్నాడు. ఆ సాయంత్రం వేళ్ళ లెక్క పెట్టాను. "నాలుగు" అంది అమ్మ. నాలుగే. నాకు సంతోషం రాలేదు. చాలాసార్లు నాలుగే చూపుతానని ఆమె కనిపెట్టిందేమో. కనబడుతోందా అని అడిగితే "మంచిగనే కనవడుతుందే" అంది. అయితే ఆ మాట ఆమె నెలల తరబడి అందరికీ చెబుతూనే ఉంది. వెనక ఉండిపోతానేమో అన్న భయంలో ఉన్న మనిషి ఇంకేం చెబుతుంది?

మర్నాడు మూటలు కట్టి గుమ్మంలో నిలబడ్డాం. పొద్దు గుంకింది. నాయనమ్మ తమ్ముణ్ణి ఎత్తుకొని గడప లోపలే ఉంది. అమ్మ చేతులు చాపింది. నాయనమ్మ ఇవ్వలేదు. "నా మొఖం సూసి చెప్పు పిల్లా. నేను నవ్వుతున్ననా, ఏడుస్తున్ననా?" "ఏడుస్తున్నవ్ అత్తమ్మా" అంది అమ్మ. ఆ గొంతు వింటే ఎవరైనా అదే చెబుతారు. నాయనమ్మకూ అది తెలుసు. అయినా వాణ్ణి అమ్మ చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా తన చేతులు వాడి కిందే కాసేపు ఉంచింది. తర్వాత తీసేసింది. "పోండి ఇగ" అని లోపలికి తిరిగింది. పొగ వాసనతో ఉన్న ఇత్తడి గిన్నె నా మూటలోనే ఉంది, నిండా గడ్డ తురుము.

వీధి దాటాం. అలవాటు కొద్దీ నేను ఒక అడుగు ముందు నడుస్తూ, దారి వెతుక్కుంటూ, ఏది కనబడితే దాని పేరు చెప్పడానికి నోరు సిద్ధంగా పెట్టుకున్నాను. ఊరి చివరి ఇల్లు దాటాక నాకే ఏదీ సరిగా ఆనడం లేదు. మూట బరువుకు తల పైకి రావడం లేదు. నా కాలి ముందు ఏముందో నాకు తెలియదు. వెనక అమ్మ అడుగుల చప్పుడు ఆగింది. పడిందా, వాణ్ణి వదిలేసిందా అని తిరగబోయేలోపు, అమ్మ ఒంటిచేత్తో నా జబ్బ పట్టుకొని వెనక్కి లాగింది.

"రాయి ఉంది సత్తీ. జర సూసి నడువు" అంది.